పాత ఇంటి తలుపు మీది లోహం: తోమడానికి ముందు తెలుసుకోవలసిన చరిత్ర



చరిత్ర అనగానే మనకు కోటలు, శాసనాలు, నాణేలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో అంత దూరం వెళ్ళనవసరం లేదు. మీ ఊళ్ళోనో, అమ్మమ్మగారి ఊళ్ళోనో ఎనభై, నూరేళ్ళ క్రితం కట్టిన ఇల్లు ఒకటి ఇంకా నిలిచి ఉంటే, దాని సింహద్వారం ముందు ఒక్క నిమిషం నిలబడండి. చెక్క మీద చెక్కిన లతలను, గజలక్ష్మిని అందరూ చూస్తారు. మీరు ఆ చెక్కను పట్టి ఉంచిన లోహాన్ని చూడండి. తలుపు రెక్కలు తిరిగే బందులు, పైనుంచి వేలాడే గొళ్ళెం, లోపలి గడియ, రెక్కల మీద వరుసగా దిగ్గొట్టిన గుబ్బలు, చేత్తో లాగే కడియం, తాళంకప్ప పట్టే కొక్కెం, గోడలోపల కనపడకుండా ఉన్న మేకులు. కొన్ని ఇత్తడివి, కొన్ని ఇనుపవి. మనుషుల చేయి రోజూ తగిలే చోట నున్నగా మెరుస్తుంటాయి. చేయి తగలని మూలల్లో గోధుమరంగుకో, నలుపుకో తిరిగి ఉంటాయి. వాటి మీద నాలుగైదు పొరల రంగు కూడా పడి ఉండవచ్చు.

పండగ వస్తుంది, లేదా ఇంట్లో పెళ్ళి కుదురుతుంది. ఇల్లు బాగుచేయించాలనుకుంటారు. ఒకరు చింతపండు తెస్తారు, ఒకరు బజారు నుంచి పాలిష్ సీసా తెస్తారు, మూడో ఆయన ‘ఇవన్నీ ఎందుకు, ఆసిడ్‌లో ఒక పూట పడేస్తే కొత్తవైపోతాయి’ అంటాడు. అరగంటలో నిజంగానే కొత్తవైపోతాయి. ఆ అరగంటలో ఏం పోయిందన్నది మన పాఠం.

ముందు ఇనుము సంగతి చూద్దాం. కర్మాగారాల్లో తయారైన బందులు బజారులోకి రాకముందు తలుపు సామాను చేసేది ఊరి కమ్మరే. కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, సమ్మెటతో సాగదీసి చేసిన ఇనుము అది. మీరు ఒక పాత గొళ్ళేన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే సమ్మెట దెబ్బలు చిన్న చిన్న పల్లాలుగా కనిపిస్తాయి. కొలిమిలో కాలేటప్పుడు ఇనుము మీద గట్టి నల్లని పొర ఒకటి ఏర్పడుతుంది. అది తుప్పు కాదు. తుప్పు ఎర్రగా, పొడిపొడిగా, నీటిని పీల్చుకునేదిగా ఉంటుంది. ఈ నల్లని పొర అందుకు భిన్నం. లోహాన్ని అంటిపెట్టుకుని, తేమను కొంతవరకు అడ్డుకుంటుంది. పాత ఇనుము మీద నలుపు కనపడగానే ‘మురికి’ అని గీకేయడం మనం చేసే మొదటి పొరపాటు.

ఇనుము మీద పొర ఎంత మేలు చేయగలదో చూడాలంటే ఢిల్లీ వెళ్ళాలి. కుతుబ్ మీనార్ ఆవరణలోని ఇనుప స్తంభం ఎత్తు 7 మీటర్లకు పైగా, బరువు 6 టన్నులకు పైగా ఉంటుంది. గుప్తుల కాలం నాటిది, అంటే సుమారు 1600 సంవత్సరాల వయసు. ఇన్ని వర్షాకాలాలు గడిచినా తుప్పుకు కరిగిపోలేదు. కాన్పూరు ఐఐటీలో లోహశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం దీనిని చాలా సంవత్సరాలు పరిశోధించారు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. ఎండకు, వానకు మార్చి మార్చి తడిసి ఆరుతున్న కొద్దీ ఆ భాస్వరం సాయంతో లోహం మీద ఒక పలుచని రక్షణ పొర ఏర్పడిందని ఆయన వివరించారు. అంటే స్తంభాన్ని కాపాడుతున్నది దాని మీద ఉన్న ‘మకిలే’. ఇంకొక విశేషం. చాలా ఏళ్ళు సందర్శకులు స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాచి కౌగిలించుకునేవారు. చేతులు తగిలిన ఎత్తులో స్తంభం నున్నగా, వేరే రంగులో మెరిసేది. అలా రాసుకుపోవడం మంచిది కాదని 1997లో చుట్టూ కంచె వేశారు. మనుషుల చేతులే పొరను అరగదీస్తాయి. మీ ఇంటి తలుపు కడియం మీద జరిగేదీ అదే.

కోట తలుపుల సామాను ఇంకొక కథ చెబుతుంది. గోల్కొండ ఫతే దర్వాజా తలుపుల మీద ఉన్న ఇనుప ముళ్ళను మీలో చాలామంది చూసే ఉంటారు. ఏనుగులు తలతో కుమ్మి తలుపును పగలగొట్టకుండా అమర్చినవి అవి. పుణెలో పీష్వాల శనివార్ వాడా ప్రధాన ద్వారానికీ అటువంటి ముళ్ళు ఉన్నాయి. యుద్ధాల్లో ఏనుగుల అవసరం తీరిపోయిన తరువాత కూడా ఇళ్ళ తలుపుల మీద గుబ్బలు మిగిలాయి. పదును పోయింది, అలంకారం నిలిచింది. ఏనుగు ఎన్నడూ రాని సందులో ఇంటి తలుపు మీద కూడా ఇత్తడి గుబ్బలు వరుసలు తీరి ఉండటం నాకు ఎప్పుడు చూసినా సరదాగానే ఉంటుంది.

ఇప్పుడు ఇత్తడి దగ్గరికి వద్దాం. ఇక్కడ మన దేశానికి చెప్పుకోదగ్గ పాత్ర ఉంది. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన మిశ్రమ లోహం. రాగిని కరిగించడం కష్టమే అయినా మనిషికి చాలా ముందే తెలిసింది. తుత్తునాగం, అంటే జింకు, అలా లొంగలేదు. కారణం సులభమే. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. ఖనిజం నుంచి దాన్ని విడదీయడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి. కనుక కొలిమిలో లోహం పుట్టడం, ఆవిరై గాలిలో కలిసి మళ్ళీ బూడిద కావడం ఒకేసారి జరిగిపోతాయి. పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుచేత చాలా దేశాల్లో జింకు ఖనిజాన్ని, రాగిని, బొగ్గును మూసిన మూసలో కలిపి కాల్చి, నేరుగా ఇత్తడినే తీసేవారు. జింకును విడిగా చూడనే లేదు.

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జావర్ అనే చోట ఈ చిక్కును విప్పారు. వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, వాటిలో ఖనిజం నింపి, తొడిమ వంటి గొట్టం కిందికి ఉండేటట్టు తలకిందులుగా కొలిమిలో నిలబెట్టేవారు. పైన మంట, కింద చల్లని గది. పుట్టిన జింకు ఆవిరి పైకి పోయే దారి లేక కిందికి దిగి, చల్లబడి, చుక్కలుగా కారేది. ఒక్కో కొలిమిలో 36 మూసలు పెట్టేవారు. 1980లలో బ్రిటిష్ మ్యూజియం, బరోడాలోని ఎం.ఎస్. విశ్వవిద్యాలయం, హిందుస్థాన్ జింక్ సంస్థ కలిసి అక్కడ తవ్వకాలు జరిపి ఈ కొలిములను వెలికితీశాయి. మధ్యయుగంలోనే జావర్‌లో ఇది పెద్ద పరిశ్రమ. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో విలియం ఛాంపియన్ ఇదే తరహా పద్ధతికి పేటెంటు తీసుకున్నది 1738లో. జావర్ కొండల మధ్య ఈనాటికీ వాడిపారేసిన మూసలు గుట్టలుగా పడి ఉన్నాయి. కొన్ని పాత ఇళ్ళ గోడల్లో ఇటుకలకు బదులు అవే కనిపిస్తాయి.

ఈ కథ మీకు ఎందుకు చెప్పానంటే, ఇత్తడిని ఆమ్లంలో వేస్తే మొదట పోయేది ఇంత కష్టపడి పట్టుకున్న ఆ జింకే. రాగి కంటే జింకు చురుకైన లోహం. బలమైన ఆమ్లం తగలగానే ఇత్తడి పైపొరలోని జింకు కరిగిపోయి, రాగి మిగిలిపోతుంది. పసుపుపచ్చగా ఉండవలసిన గొళ్ళెం గులాబీ ఎరుపులోకి తిరుగుతుంది. చాలామంది దాన్ని చూసి ‘ఓహో, ఇది అసలు రాగిదన్నమాట’ అని సంతోషిస్తారు. రాగిది కాదు. పైపొర పాడైన ఇత్తడి. ఆ ఎరుపును పోగొట్టాలంటే అంత మందాన లోహాన్ని అరగదీయడం తప్ప మార్గం లేదు.

మరి మన పెద్దలు తరతరాలుగా చింతపండుతో తోమలేదా అని మీరు అడగవచ్చు. తోమారు. అందులో మంచి రసాయన శాస్త్రమే ఉంది. చింతపండు పులుపుకు ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం. ఇది మెత్తని ఆమ్లం. రాగి మీద, ఇత్తడి మీద ఏర్పడిన ఆక్సైడ్ పొరను కరిగిస్తుంది, కొద్దిసేపట్లో కడిగేస్తే కింది లోహాన్ని పెద్దగా తినదు. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. అది జిడ్డును సబ్బులా మార్చి వదలగొడుతుంది. ఇటుక పొడి గరుకుతనంతో రాస్తుంది. ఈ మూడింటిలో ఏది ఎప్పుడు వాడాలో వంటింట్లో వాళ్ళకు తెలుసు. జిడ్డు గిన్నెకు బూడిద, చిలుము పట్టిన చెంబుకు చింతపండు. ఇత్తడి గిన్నెల లోపల తగరంతో కళాయి పూయించేవారు. కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చి, చిన్న కొలిమి పెట్టి, గిన్నెను వేడి చేసి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా తిప్పేవాడు. పులుసు వండే పాత్రలో చిలుము దిగకూడదని ఆ జాగ్రత్త. ఆ కేకలు ఇప్పుడు ఊళ్ళలో అరుదైపోయాయి.

కానీ చెంబు వేరు, తలుపు గొళ్ళెం వేరు. చెంబును తోమి, నాలుగు నీళ్ళు పోసి కడిగి, బోర్లిస్తాం. గొళ్ళెం చెక్కకు బిగించి ఉంటుంది. దాని వెనక్కి చింతపండు రసం కారుతుంది. ఉప్పు కలిపి తోమే అలవాటు ఉంటే ఉప్పు కూడా వెళుతుంది. కడిగినా ఆ సందులోంచి రాదు. ఉప్పులోని క్లోరైడు రాగి లోహాలకు పాత శత్రువు. అది రాగితో కలిసి ఒక సమ్మేళనం ఏర్పరుస్తుంది. దానికి తేమ, గాలి తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మళ్ళీ కొత్త రాగిని తింటుంది. ఒకసారి మొదలైతే తేమ ఉన్నంతకాలం తనంతట తానే సాగే చక్రం ఇది. లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా పైకి లేస్తుంది. సంగ్రహాలయాల వాళ్ళు దీన్ని ‘కంచు వ్యాధి’ అంటారు. మచిలీపట్నం, కాకినాడ, విశాఖపట్నం వంటి సముద్ర తీరపు ఊళ్ళలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కనుక అక్కడి ఇళ్ళలో మరింత కనిపెట్టి ఉండాలి.

ఇంకో వైపు చెక్క సంగతి. ఇనుప మేకు చుట్టూ తలుపు చెక్క నల్లగా మచ్చపడి ఉండటం మీరు చూసే ఉంటారు. చెక్కలోని టానిన్ అనే పదార్థం తడి ఇనుముతో కలిస్తే నల్లని రంగు పుడుతుంది. ఇదే సంగతిని మన కలంకారీ కళాకారులు శతాబ్దాలుగా పనికి పెట్టుకున్నారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో పులియబెట్టి, ఆ నీటితో కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలో ఉన్నదీ టానినే. శ్రీకాళహస్తిలో దేవతల కళ్ళు, కనుబొమలు దిద్దే ఆ నలుపూ, మీ తలుపు మేకు చుట్టూ ఉన్న మచ్చా ఒకే రసాయన క్రియ. తుప్పును ఆపడానికి కూడా ఈ క్రియే ఉపయోగపడుతుంది. గీకడానికి వీలుకాని పాత ఇనుము మీద సంరక్షణ నిపుణులు టానిక్ ఆమ్లం పూసి, ఎర్ర తుప్పును నిలకడ గల నల్లని పొరగా మారుస్తారు.

బజారు పాలిష్‌ల చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి. మనకు బాగా తెలిసిన బ్రాసో ఇంగ్లండులో 1905 ప్రాంతంలో వచ్చింది. దండులో సిపాయిల గుండీలు, బెల్టు బిళ్ళలు, బంగళాల తలుపు పిడులు రోజూ మెరవాలన్నది ఆనాటి క్రమశిక్షణ. ఆ మెరుపు అలవాటు కంటోన్మెంట్ల నుంచి ఆఫీసులకు, ఆఫీసుల నుంచి ఇళ్ళకు పాకింది. ఇటువంటి ద్రవాల్లో సన్నని గరుకు పొడి ఉంటుంది, చాలావాటిలో అమ్మోనియా కూడా ఉంటుంది. అమ్మోనియాకు, ఇత్తడికి ఉన్న వైరం బయటపడింది మన దేశంలోని సైనిక గిడ్డంగుల్లోనే. బ్రిటిష్ సైన్యం వానకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేసేది. వానలు వెలిసి, మళ్ళీ బయటికి తీసేసరికి ఇత్తడి తూటా గొట్టాలు పగుళ్ళు ఇచ్చి ఉండేవి. ఏ దెబ్బా తగలలేదు, బరువూ పడలేదు. ఋతువును బట్టి వస్తోంది కనుక దీనికి ‘ఋతు పగులు’ అని పేరు పెట్టి ఊరుకున్నారు. కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే లోహం పగులుతుంది. తలుపులకు తాపడం చేసే ఇత్తడి రేకును కూడా కొట్టి, వంచి, సాగదీసే తయారు చేస్తారు. కనుక ఆ రేకు అంచుల్లో, మడతల్లో పాలిష్‌ను ఎండి ఉండిపోనివ్వకూడదు. తెల్లగా పేరుకున్న ఆ పొడి చూడటానికి అసహ్యంగా ఉండటం ఒక్కటే కాదు, లోహానికీ మంచిది కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇది రసాయన శాస్త్రంతో తేలేది కాదు, ఆలోచించి తేల్చుకోవలసినది. పాత లోహం మెరవాలా, వద్దా?

ఐరోపాలో ఈ వాదం పందొమ్మిదో శతాబ్దంలో గట్టిగా జరిగింది. పాత చర్చిలను గీకి, చెక్కి, కొత్తగా తయారుచేస్తున్నారని కోపం వచ్చి విలియం మోరిస్, ఆయన మిత్రులు 1877లో లండన్‌లో ఒక సంఘం పెట్టారు. గీకడాన్ని వ్యతిరేకించేది కనుక దానికి ‘గీకవద్దు’ సంఘం అనే అర్థం వచ్చే ముద్దుపేరు వచ్చింది. 1888లో బెర్లిన్ రాజ సంగ్రహాలయాలలో ఫ్రెడరిక్ రాత్‌గెన్ అనే రసాయన శాస్త్రవేత్త పురావస్తువుల సంరక్షణకు ప్రయోగశాల ప్రారంభించాడు. మన పురావస్తు శాఖకు 1917లో రసాయన శాస్త్ర విభాగం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వ సంగ్రహాలయంలో 1930లో ప్రయోగశాల వెలిసింది. అక్కడ ఎస్. పరమశివన్ కంచు విగ్రహాల మీది గట్టి చిలుమును విద్యుత్తు సాయంతో తొలగించే పద్ధతిని అమలు చేశారు. విగ్రహాలను క్షయం నుంచి కాపాడటానికి అది ఆ రోజుల్లో గొప్ప ముందడుగు. తరువాతి తరం నిపుణులు పొరను పూర్తిగా తీసేయడం మీద వెనక్కి తగ్గారు. హాని చేసే పొరను ఆపాలి, హాని చేయని పొరను ఉండనివ్వాలి అన్నది ఈనాటి పద్ధతి. 1976లో లక్నోలో ఏర్పడిన జాతీయ సంరక్షణ పరిశోధనాశాల ఇటువంటి పనికి, శిక్షణకు కేంద్రంగా ఉంది.

కానీ మన ఇంటి సంప్రదాయం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా కనిపిస్తుంది కదా! కుందులు, హారతి పళ్ళెం, కలశం మాసి ఉంటే పూజకు పనికిరావు. మెరవడమే శుభ్రత, శుభ్రతే మర్యాద. దీన్ని అజ్ఞానం అనడం తగదు. వాడుకలో ఉన్న వస్తువు ధర్మం వేరు. అయితే దాని మూల్యం కూడా తెలిసి ఉండాలి. చోళుల కాలపు కంచు విగ్రహాలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. వందల ఏళ్ళు గుడిలో అభిషేకాలు పొంది, చింతపండుతో తోమించుకున్న విగ్రహానికి ముక్కు, కళ్ళు, నగల గీతలు అరిగి, ముఖం నున్నగా మారి ఉంటుంది. దండయాత్రల భయంతో ఎవరో భూమిలో పాతిపెట్టగా తరువాత బయటపడిన విగ్రహానికి పైన ఆకుపచ్చ పొర ఉన్నా, కింద కనురెప్ప గీత కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. మొదటిది భక్తి అరగదీసిన విగ్రహం. నేను దాన్ని తక్కువ చేయను. కానీ శిల్పి చేయి ఎలా పనిచేసిందో చదవాలంటే రెండోదాని దగ్గరికే వెళ్ళాలి.

నా అభిప్రాయం అడిగితే, పూజ సామగ్రిని తోమండి, వంట పాత్రలను తోమండి. పాత తలుపు సామాను దగ్గర మాత్రం చేయి ఆపండి. ఎందుకంటే అది కాలాన్ని నమోదు చేసుకున్న పత్రం. ఒక్క మరచీల ఉదాహరణ చాలు. చేత్తో చేసిన పాత మరచీలకు కొన మొద్దుగా ఉంటుంది, తల మీది గాడి మధ్యకు సరిగా ఉండదు, మరల మధ్య దూరం అటూ ఇటూగా ఉంటుంది. యంత్రంతో కొన తేల్చిన మరచీలలు 1840, 1850లలో అమెరికా, ఇంగ్లండు కర్మాగారాల నుంచి వచ్చాయి. బర్మింగ్‌హామ్ నుంచి అవి ప్రపంచమంతా వెళ్ళాయి. కనుక మీ తలుపు బందుకు ఉన్న మరచీల కొనను చూస్తే, ఆ బందు బిగించిన కాలం గురించి ఒక ఆధారం దొరుకుతుంది. తాళాలూ అంతే. ఆర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టింది 1897లో. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, తమిళనాడులోని దిండిగల్ తాళాలకే ప్రసిద్ధి. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత కప్ప మీద సన్నని అక్షరాల్లో తయారీదారు పేరో, ఊరో, అంకెలో ఉంటాయి. నాలుగుసార్లు గరుకు పొడితో రుద్దితే ఆ అక్షరాలు ఉండవు. వడ్రంగి ఆ పాత చీలను పారేసి కొత్తది బిగిస్తే ఆధారం చెత్తబుట్టలోకి పోయినట్టే.

అయితే ఏమీ చేయకుండా చూస్తూ ఉండమని కాదు. చేయగలిగినది చాలా ఉంది.

మొట్టమొదట ఒక అయస్కాంతం తెచ్చుకోండి. ఇత్తడికి అయస్కాంతం అంటదు. పసుపుపచ్చగా మెరుస్తున్న వస్తువుకు అంటిందంటే, అది ఇనుము మీద ఇత్తడి పూత. దాన్ని పాలిష్‌తో రుద్దితే పూత లేచిపోయి ఇనుము బయటపడుతుంది. దానికి మెత్తని తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ చాలు. గట్టి ఇత్తడి అయితే గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తని కుంచెతో తుడవండి. నూరేళ్ళ జిడ్డులో సగం దీనికే వదులుతుంది, మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆకుపచ్చ పొడి కనబడితే వెదురు పుల్లతో నెమ్మదిగా తీయండి. ఇనుప పీచు, ఉప్పుకాగితం దగ్గరికి రానివ్వకండి. ఆరిన తరువాత పలుచగా మైనం రాసి, నూలుగుడ్డతో తుడిస్తే గాలికీ లోహానికీ మధ్య ఒక అడ్డు ఏర్పడుతుంది. ఏ పనైనా ముందు కనపడని మూలలో అగ్గిపుల్ల తలంత చోట చేసి, మరునాడు చూసి, అప్పుడు ముందుకు వెళ్ళండి.

ఇనుమును నీళ్ళతో కడగవద్దు. పొడి కుంచెతో వదులు తుప్పును దులిపి, నూనె గుడ్డతో తుడవండి. పాతకాలంలో బందులు కిర్రుమనకుండా ఆముదం వేసేవారు. అది గాలికి త్వరగా గట్టిపడే నూనె కాదు కనుక ఆ ఎంపిక సరైనదే. వంటనూనె వేస్తే కొన్నాళ్ళకు జిగురై దుమ్ము పడుతుంది. ఆసిడ్‌లో వేసి తీసిన ఇనుముకు ఏ పొరా ఉండదు. మన వానకాలపు గాలిలో అది గంటల్లోనే మళ్ళీ ఎర్రబడుతుంది, అప్పుడు పట్టే తుప్పు ముందున్నదాని కంటే చెడ్డది.

పాత రంగు పొరల విషయంలో మాత్రం నేను గట్టిగా హెచ్చరించాలి. ఒకప్పటి నూనె రంగుల్లో సీసం కలిపేవారు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన 2016లో చేశారు, 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంటే అంతకు ముందు వేసిన ఏ రంగులోనైనా సీసం ఉండవచ్చు. ఆ రంగును పొడిగా గీకితే లేచే ధూళి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. మంటతో కాలిస్తే ఆ పొగ ఇంకా ప్రమాదం. కనుక ఇది మీరు సెలవుల్లో చేయవలసిన పని కాదు. పెద్దవాళ్ళు, పని తెలిసినవాళ్ళు, తడి పద్ధతిలో, ముక్కుకు తగిన రక్షణతో చేయాలి. ఊడదీసిన ఇత్తడి సామానును వేడి సబ్బునీళ్ళలో నానబెడితే లోహం వ్యాకోచించి రంగు పొర పొక్కులా విడిపోతుంది. ఆ గిన్నెను మళ్ళీ వంటకు వాడకూడదు.

ఇదంతా ఇల్లు నిలిచి ఉన్నప్పటి మాట. ఇల్లే పోతే? తమిళనాడు చెట్టినాడులో బర్మా వ్యాపారంతో కూడబెట్టిన ధనంతో, బర్మా టేకుతో కట్టిన పెద్ద పెద్ద ఇళ్ళు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతిన్నది. వారసులు పెరిగారు, పట్నాలకు వెళ్ళారు, కొన్ని ఇళ్ళు విప్పి అమ్మేశారు. కారైకుడి పాతసామాను దుకాణాల్లో ఆ తలుపులు, గొలుసులు, పిడులు ఈనాటికీ దొరుకుతాయి. కోనసీమ మండువా లోగిళ్ళకు, హైదరాబాద్ పాతబస్తీ దేవిడీలకు అదే గతి పడుతూ వచ్చింది. చాలాచోట్ల చెక్కకు ఒక ధర, ఇత్తడికి కిలో లెక్కన ఒక ధర. కరిగించాక గొళ్ళెం ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు. కొనేవాడికి ‘పాతది’ కావాలి గాని మకిలి వద్దు కనుక ఆసిడ్ తొట్టిలో ముంచి, మెరుగు పెట్టి, మళ్ళీ పాతగా కనపడటానికి రసాయనంతో నల్లబరిచే దుకాణాలూ ఉన్నాయి! అసలైన నూరేళ్ళ పొరను తీసి, గంటలో తయారైన దొంగ పొరను పూయడం అన్నమాట.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో తెలుసుకోవడం మంచిది. 1972 నాటి పురావస్తువులు, కళాసంపదల చట్టం ప్రకారం నూరేళ్ళకు తక్కువ కాని వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. ఆ నిర్వచనంలో భవనం నుంచి విడదీసిన వస్తువు కూడా ఉంది. అటువంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలికి ఎగుమతి చేయరాదు. విదేశాల్లో ఉన్న బంధువులకు ఇంటి గుర్తుగా పాత తలుపు గుబ్బను సూట్‌కేసులో పెట్టి పంపుదామనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

విరిగిన భాగాన్ని మళ్ళీ చేయించాలంటే చేసేవారు ఇంకా ఉన్నారు. తెలంగాణలో జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కొట్టి బొమ్మ తేల్చే పనిలో ప్రసిద్ధులు. గుడి తలుపులకు, వాహనాలకు తాపడాలు చేస్తారు. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఈ రెండు ఊళ్ళ పనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అటువంటి పనివారి చేత కొత్త ముక్క చేయించి బిగించినప్పుడు, దాని వెనుక వైపు చేయించిన సంవత్సరాన్ని చిన్నగా కొట్టించండి. యాభై ఏళ్ళ తరువాత చూసేవారికి ఏది పాతదో, ఏది తరువాతదో తికమక ఉండదు.

ఇక మీకు ఒక పని. పాత ఇంట్లో ఏదైనా బాగుచేస్తున్నారని తెలిస్తే, పెద్దల అనుమతి తీసుకుని, తలుపు ఊడదీయక ముందే ఒక స్కేలు పక్కన పెట్టి ప్రతి భాగాన్నీ ఫొటో తీయండి. ముందు వైపు, వెనుక వైపు రెండూ తీయాలి. వెనుక వైపే పనివాడి గుర్తులు ఎక్కువగా ఉంటాయి. ఊడిన మరచీలలను, మేకులను ఏ రెక్కవి ఆ రెక్కకు విడివిడిగా కాగితం కవర్లలో వేయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే తేమ నిలిచి తుప్పు పడుతుంది. కవరు మీద తేదీ, గది పేరు, ‘ఎడమ రెక్క, పై బందు’ వంటి వివరం పెన్సిలుతో రాయండి. పక్కింటి తాతగారినో, ఇంటి పెద్దావిడనో అడిగి ఆ తలుపు ఎప్పుడు, ఎవరు పెట్టించారో, ఏ ఊరి పనివాళ్ళు చేశారో నాలుగు వాక్యాలు రాసి అందులోనే ఉంచండి. ఆ తరువాత చింతపండు సంగతి మాట్లాడుకోవచ్చు.